మూడు సెలాలు, మూడు సెల్లలు

ఆ రోజుల్లో మా కోరుట్ల సంఘంలో నిశ్శబ్దం అంటే మైకు చెడిపోయిందని అర్థం. ఆరాధన మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఖాళీ దొరికితే చాలు, ఏ మూల నుంచో ఒకరు "స్తోత్రం" అని దాన్ని పూడ్చేసేవారు. పాస్టరయ్య ప్రసంగంలో తరువాతి మాట కోసం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నా "ఆమేన్" అనే సంఘం మాది. నేను కూడా ఆ సంఘపు బిడ్డనే కాబట్టి నన్ను నేను మినహాయించుకోవడం లేదు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో మూడో కీర్తన కంఠస్థం అప్పజెప్పి మొదటి బహుమతి గెలిచాను. అందులో వచనాల చివర బ్రాకెట్లలో "సెలా" అనే మాట మూడుసార్లు వస్తుంది. ఒక్క అక్షరం కూడా వదలకూడదన్న భక్తితో నేను మూడుసార్లూ గొంతెత్తి "బ్రాకెట్టు సెలా బ్రాకెట్టు" అని చదివాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ మాటకు అర్థమేమిటో అప్పుడు నాకు తెలియదు, చప్పట్లు కొట్టినవాళ్లకూ తెలియదు. (పెద్ద పెద్ద పండితులకే సరిగా తెలియదని తరువాత చదివి నా మనసు కుదుటపడింది.)

దాని అర్థం తనకు తెలుసని గట్టిగా నమ్మిన మనిషి నాకు తెలిసినంతలో ఒక్కడే, మా అమ్మ తమ్ముడు. సిరిసిల్లలో కరెంటు ఆఫీసులో గుమాస్తా. అది జీతం కోసం. అసలు పని సంగీత రచన. మిషను హాస్టల్లో ఉండగా గాయక బృందంలో నాలుగు గొంతుల పాట నేర్చుకున్నాడు, తరువాత హైదరాబాదులో ఒక గురువు దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాడు. ఈ రెండూ ఆయన తలలో కాపురం పెట్టి కొత్త కొత్త రచనల్ని కంటూ ఉండేవి. మేం పిల్లలం ఆయన్ను గప్‌చుప్ మామ అనేవాళ్లం. (మా వైపు బండి మీద అమ్మే పానీపూరీని కూడా గప్‌చుప్ అనే అంటారు. మామకు మాత్రం ఆ పేరు తిండి వల్ల రాలేదు.)

ఎలా వచ్చిందంటే, సిరిసిల్లలో ఇంటింటా సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు. పగలనక రాత్రనక టకటకమని మోగుతూనే ఉంటాయి. అక్కడి పసిపిల్లలు జోలపాట లేకుండానే నిద్రపోతారు. ఎప్పుడైనా కరెంటు పోతే ఊళ్లోని సాంచెలన్నీ ఒకేసారి ఆగిపోతాయి. అప్పుడు పక్క వీధిలో గాజులు కదిలిన చప్పుడు వినిపిస్తుంది, ఎక్కడో కుక్కర్ కూతేస్తుంది, నీ గుండె నీకే వినిపిస్తుంది. మా మామ చిన్నప్పుడు అలాంటి ఒక మధ్యాహ్నం వాకిట్లో నిలబడిపోయి, దేవుడు ఊరి మీద చెయ్యి పెట్టాడనుకున్నాడట. ఆయన సంగీతమంతా ఆ మధ్యాహ్నంలోంచే పుట్టింది. ఉద్యోగం కరెంటు ఆఫీసులో, ప్రేమ కరెంటు పోయిన క్షణం మీద.

అప్పటికి ఆయన రచనలు చాలానే ఉన్నాయి, విన్నవాళ్లే లేరు. "సాంచెల పంచకం" అని వయొలిన్, మృదంగం, మగ్గంలో దారం చుట్టే రెండు కండెల కోసం రాసింది ఒకటి. నాలుగు వయొలిన్ల కోసం ఒకటి రాశాడు గానీ సిరిసిల్ల నుంచి ధర్మపురి దాకా వెతికినా రెండో వయొలిన్ దొరకలేదు. ఒకసారి ఆయన రచన రేడియోలో వచ్చింది. మేమంతా చుట్టూ కూర్చున్నాం. మధ్యలో ఆయన ఎంతో ప్రేమగా రాసుకున్న నిశ్శబ్దం రాగానే, ప్రసారం ఆగిపోయిందనుకుని అక్కడెవరో పురుగుమందుల ప్రకటన వేసేశారు. మామ లేచి వెళ్లి పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి వచ్చాడు.

ఆ తరువాత ఆయన మూడో కీర్తనకు బాణీ కట్టాడు. శత్రువులు ఎక్కువయ్యారని కీర్తనకారుడు మొరపెట్టే భాగం శుభపంతువరాళిలో, పడుకుని నిద్రపోయాననే భాగం నీలాంబరిలో, మేలుకుని లేచాక భూపాలంలో. నాలుగు గొంతులు, వయొలిన్, తబలా. "సెలా" వచ్చిన మూడు చోట్లా పూర్తి నిశ్శబ్దం. "సెలా అంటె కరెంటు పోవుడే కోడలా," అనేవాడు నాతో. "పాట ఆగంగనె మనం ఆగాలె. గప్పుడు ఆయన మాట్లాడ్తడు." అప్పుడు నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన టీచరమ్మను, సంఘంలో పాటల బృందానికి నాయకురాలిని. (నా గొంతు పెద్దది, అంతే కారణం.) ఆ ఏప్రిల్లో మా సంఘ వార్షికోత్సవం. జగిత్యాలలో పెద్ద కూడికలు జరిపించే అయ్యగారు ముఖ్య అతిథి. ఆయనకు నచ్చితే మామ కీర్తన జగిత్యాల కూడికల్లో వేలమంది ముందు వినిపిస్తుంది.

నేను అడగ్గానే మామ ఒప్పుకున్నాడు గానీ ఒక మాట అన్నాడు. "ఇదొక్కటి చూస్త కోడలా. మన మందిరంల మనోళ్లు గూడ ఆ మూడుసార్లు ఊకోలేకపోతె, ఇగ పాటలు రాసుడు బందు. ఆదివారం ఆదివారం వయొలిన్ వాయించుకుంట కూసుంట."

నవ్వుతూనే అన్నాడు. కానీ అప్పటికే ఆయన వయొలిన్ పెట్టె మీద దుమ్ము పేరుకుని ఉండటం నేను చూశాను. అందుకే ఆ మూడు నిశ్శబ్దాలను నా ప్రాణం మీదకు తెచ్చుకున్నాను. సాధనలో మొదటి రోజు సెలా రాగానే తబలా అన్న అలవాటు కొద్దీ ఓ చిన్న తిరగమోత వేశాడు. రెండో రోజు ఆయన చేతులు ఆగాయి, నోరు "హల్లెలూయ" అంది. ప్రతి ఇంటికీ వెళ్లి "సెలా దగ్గర చప్పుడు చెయ్యకుండ్రి" అని బతిమాలాను. ఒక పెద్దమ్మ, "మనసుల అనుకోవచ్చునా బిడ్డా?" అని అడిగింది. అనుకోవచ్చని అనుమతి ఇచ్చాను.

ఇంత చేసినదాన్ని, పెద్దమనిషికి నేను చెప్పేదేముందని సన్మానం తాత ఇంటికి మాత్రం వెళ్లలేదు. తాత మా సంఘ పెద్దల్లో ఒకరు. రైస్ మిల్లులో హమాలీగా బస్తాలు మోసి మోసి కుడి భుజం ఎడమ దానికంటే కాస్త కిందికి దిగిన మనిషి. మందిరంలో ఎవరికి సన్మానం జరిగినా శాలువా కొనేదీ ఆయనే, కప్పేదీ ఆయనే. ఆ పని ఇంకెవరి చేతిలోనూ పెట్టేవాడు కాదు. ఆయన శాలువా అనడు, సెల్ల అంటాడు. మా వైపు పాతవాళ్లకు భుజం మీద వేసుకునే ఏ బట్టయినా సెల్లే. వార్షికోత్సవానికి వారం ముందు ఆయన నాకు ఫోన్ చేశాడు. నేను మూడో తరగతిలో ఉన్నాను, పిల్లలు గొంతెత్తి ఎక్కాలు చదువుతున్నారు.

"బిడ్డా, నేను. సెల్లలు ఎన్ని?"

ఆ ఎక్కాల హోరులో ఒక "ల" ఎటు కొట్టుకుపోయిందో. నాకు "సెలాలు ఎన్ని" అని వినిపించింది. తాత కూడా కీర్తన గురించి ఇంత శ్రద్ధగా అడుగుతున్నాడని నా కళ్లు చెమర్చాయి.

"మూడు తాతా."

"మూడా? ఎవలెవలికి?"

"ఎవలెవలికి ఏంది తాతా, మూడు మా మామయే. ఆయననే రాసుకున్నడు."

"తనకు తానే రాసుకున్నడా?"

"ఆ. అవి ఉంటెనే పాట, లేకుంటె పాడుడే వద్దంటడు."

"గంత పట్టింపా?"

"పాణమే తాతా ఆయనకు."

"మరి మూడు ఒక్కసారే అయితె కాదా?"

"కాదు కాదు. రెండో వచనం కాంగనె ఒకటి, నాలుగో వచనం కాంగనె ఒకటి, పాట ఒడిసినంక ఒకటి."

"పెద్దయా, చిన్నయా?"

ఎంత మంచి ప్రశ్న అనుకున్నాను. "మొదటిది చిన్నది తాతా. రెండోది జర పెద్దది. ఆఖరుది అన్నిట్ల పెద్దది. మనిషి దాంట్ల మునిగిపోవాలంటడు మామ."

"మునిగిపోవాల్నా?"

"ఆ తాతా."

"సరె బిడ్డా," అని నిట్టూర్చాడు. "అడిగినంక ఇయ్యక తప్పుతదా."

ఆ నిట్టూర్పును నేను భక్తి అనుకున్నాను. ఆ మర్నాడే తాత చందుర్తి మీదుగా పోయే బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాడనీ, సిరిసిల్ల సారుకు సిరిసిల్ల బట్టే కప్పాలని మూడు కొలతల్లో మూడు బట్టలు తెచ్చాడనీ నాకు తెలియదు. బస్సులోనూ, మిల్లు దగ్గరా, మందిరం మెట్ల మీదా తన బాధ చెప్పుకున్నాడని కూడా తెలియదు. "సారు మంచిగనే సదువుకున్నడు గని, జర ఆశ ఎక్కువ," అన్నది ఆ బాధ సారాంశం. అందుకే వార్షికోత్సవం పొద్దున మామ వయొలిన్ పట్టుకుని బస్సు దిగి వస్తే మావాళ్లు ఆయన్ను వింతగా చూశారు. చాయ్ పోస్తున్న అక్క కప్పు చేతికిచ్చి, "ఒకటి సరిపోతదా సారూ, మీకు మూడు పొయ్యాల్నా?" అంది. మామ తడబడి, "ఒక్కటి చాలమ్మా," అన్నాడు. "చాయ్ కాడ ఒక్కటే," అంటూ ఆవిడ పక్కావిడ వైపు తిరిగింది. మా సంఘం మర్యాదకు నేను లోలోపల గర్వపడ్డాను. (ప్రభువు అమాయకుల మీద దయ చూపుతాడంటారు. అందుకు నేనే సాక్ష్యం.)

ఆరాధన మొదలైంది. ఏప్రిల్ ఎండకు రేకులు కాగుతున్నాయి, ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి పంచుతున్నాయి. జగిత్యాల అయ్యగారు ముందు కుర్చీలో కూర్చున్నారు. మామ సంఘానికి వీపు పెట్టి మా వైపు తిరిగి నిలబడ్డాడు. శుభపంతువరాళి మొదలుపెట్టాం. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. రెండో వచనం అయింది. మామ చెయ్యి పైకి లేచి గాలిలో ఆగింది, కళ్లు మూసుకున్నాడు. సెలా.

నిశ్శబ్దం వచ్చింది. నిజంగానే వచ్చింది. తబలా అన్న రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు మొదటి వరుస లోంచి ఒక చప్పుడు మొదలైంది. కొత్త బట్టను కవరు లోంచి తీసేటప్పుడు ప్లాస్టిక్ కరకరలాడుతుందే, అది. మామూలప్పుడు ఎవరూ పట్టించుకోని చప్పుడు. ఆ నిశ్శబ్దంలో మాత్రం ఎండిన కందిచేనులో ఎవరో నడిచి వస్తున్నట్టుంది. సన్మానం తాత కవరు మడిచి జేబులో పెట్టుకుని, వేదిక ఎక్కి, మామ భుజాల మీద చిన్న శాలువా కప్పాడు. శాలువా కనబడితే మావాళ్ల చేతులు వాటంతటవే లేస్తాయి. చప్పట్లు మోగిపోయాయి. ఫొటో తీసే తమ్ముడు ఉరికి వచ్చి, "సారూ, జర ఇటు చూడుండ్రి," అన్నాడు. మామ కళ్లు తెరిచి ముందు నన్ను చూశాడు. నేను తాతను చూశాను. తాత జేబు లోంచి చీటీ తీసి ఏదో సరిచూసుకుంటున్నాడు.

ఏం జరిగిందో అర్థం కాకుండానే పాట అందుకున్నాం. రెండో సెలా రాకూడదని నేను ప్రార్థించాను. (సెలా రాకూడదని ప్రార్థించిన విశ్వాసి లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.) వచ్చింది. కవరు కరకరలాడింది. జర పెద్దది మామ మీదకు ఎక్కింది. మళ్లీ చప్పట్లు, కాకపోతే ఈసారి కాస్త అయోమయంగా. అప్పుడు నా బుర్రలో ఫోన్లో మాట్లాడిన ప్రతి మాటా వరసగా వెలిగింది. చిన్నది, జర పెద్దది, మునిగిపోవాలె. ఇటు చూస్తే మామ రెండు శాలువాల్లో చెమటలు కక్కుతూ, పడుకుని నిద్రపోయానని నీలాంబరిలో పాడిస్తున్నాడు. నిజంగానే నిద్రకు సిద్ధమైనవాడిలా ఉన్నాడు. మా వరసలో ఒకమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుంది. మామ ముఖం మాత్రం రేడియోలో ప్రకటన విన్ననాటి ముఖమే. ఇంటికెళ్లి మొక్కలకు నీళ్లు పోసి ఊరుకుంటాడని, ఇక రాయడని నాకు తెలిసిపోయింది.

భూపాలం ముగిసింది. చివరి స్వరం రేకులకు తగిలి ఆగింది. మూడో సెలా. అన్నిటికంటే పొడవైనది.

ఈసారి కవరు లేదు. తాత చంకలో నుంచి మడత విప్పితే అది శాలువా కాదు, ఎర్ర అంచున్న జంట మంచం దుప్పటి. ఇద్దరు సుఖంగా కప్పుకోవచ్చు. తాత దాన్ని రెండు చేతులా చాచి, మామ తల మీదుగా, వయొలిన్ మీదుగా, పాదాల దాకా దించాడు. లేచి నిలబడాల్సిన రాగం పాడించిన మనిషి ముసుగులో మునిగిపోయాడు. మందిరంలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలంటే నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీయాలి, తీస్తే నవ్వు బయటపడుతుంది. జగిత్యాల అయ్యగారు ముందే కూర్చుని ఉన్నారు. అందరూ బిగబట్టారు. పెదవులు కొరుక్కుంటూ, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటూ, నేలచూపులు చూస్తూ సంఘం మొత్తం ఊపిరి ఆపేసింది. అలా కాసేపు గడిచేసరికి ఏదో మారింది. నవ్వు ఎటో వెళ్లిపోయింది, నిశ్శబ్దం మిగిలింది. ఫ్యాన్ల చప్పుడు విన్నాను. బయట మెట్‌పల్లి బస్సు దూరమవడం విన్నాను. వెనక వరుసలో ఒక చంటిది గుక్కెడు పాలు మింగడం విన్నాను. "ఆమేన్" అన్నవాళ్లు లేరు.

తాత దుప్పటి అంచు కొద్దిగా ఎత్తి, లోపలికి తొంగిచూసి, గుసగుసగా అడిగాడు. ఆ గుసగుస చివరి వరుస దాకా వినిపించింది.

"సరిపోయిందా సారూ?"

దుప్పటిలోంచి మామ గొంతు వచ్చింది. అది తడిగా ఉంది.

"సరిపోయింది పెద్దయ్యా."

భోజనాల దగ్గర నేను ఇద్దరినీ కూర్చోబెట్టి సెలాకూ సెల్లకూ తేడా విప్పి చెప్పాను. తాత అన్నం కలపడం ఆపేశాడు. "అంటె సారు అడగలేదా? ఊకె ఆగుడా? గా ఆగుడు కోసమా నేను సిరిసిల్ల దాకా పోయింది?" అన్నాడు. తరువాత మామ వైపు తిరిగి, "ఆశపోతనుకున్న సారూ. మనసుల పెట్టుకోకుండ్రి," అన్నాడు.

మామ అడిగాడు, "ఆశపోతు అనుకున్నంక మల్ల మూడెందుకు తెచ్చిండ్రు పెద్దయ్యా?"

తాత విస్తట్లో వేలితో గీతలు గీశాడు. "మా నాయిన దొర గడి ముంగట నుంచి పోవాల్నంటె, భుజం మీది సెల్ల తీసి సంకల పెట్టుకునెటోడు. ఎండైనా వానైనా గంతే. నేను సూసిన. గందుకే సెల్ల కప్పుమని ఎవలన్న నోరు తెరిచి అడుగుతె, నాకు లేదనబుద్ధి కాదు. మీరు మూడడిగిండ్రనుకుంటి. అడిగెటోడు ఉన్నడు, కప్పెటోడు ఉన్నడు, ఎవలు వద్దంటరు అనుకున్న."

మామ తన విస్తరి పక్కకు జరిపి అన్నాడు, "మొదటి రెండు నేను రాసిన పెద్దయ్యా, చెడిపోయినయి. మూడోది మీరే రాసిండ్రు."

జగిత్యాల అయ్యగారు చేతులు కడుక్కుని అటే వచ్చారు. "సారూ, కూడికలకు మీరు రావాలె," అని రెండడుగులు వేసి ఆగి, "గా దుప్పటి గూడ తీసుకరండి," అన్నారు.

జగిత్యాలలో అంత పెద్ద పందిట్లో మూడు సెలాలూ చక్కగా నిలిచాయి. తాతకు ఇప్పుడు అర్థం తెలుసు కాబట్టి మొదటి వరుసలో చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మూడో సెలా దగ్గర మామ ఎంతకీ చెయ్యి దించడు. ఏదో తక్కువైనట్టు అటూ ఇటూ చూసి, తాతకు కళ్లతో సైగ చేశాడు. తాత నమ్మలేక తన ఛాతీ మీద వేలు పెట్టి "నేనా" అన్నట్టు చూశాడు. తరువాత పక్కనున్న దుప్పటి మడత అందుకుని లేచాడు. అయితే ఈసారి మామ ఆ దుప్పటిని తన దాకా రానివ్వలేదు. మధ్యలోనే అందుకుని, కిందికి దిగిన ఆ కుడి భుజం మీద నుంచి తాతకే కప్పాడు. ఆ పందిట్లో కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ తరువాత మామ సెలా ఉన్న కీర్తనలన్నిటికీ బాణీలు కడుతూ వచ్చాడు, ఇంకా కడుతున్నాడు. హైదరాబాదులో చదువుకున్న పిల్లలు వాటిని స్వరాలు చూసి పాడుతున్నారు. మూడో కీర్తన స్వరలిపి చివర ఆయన రాయించిన చిన్న సూచన ఒకటుంది: కోరుట్లలో పాడేటప్పుడు చివరి సెలా దగ్గర పెద్దలు వచ్చి వెళ్లేదాకా ఆగవలెను. దాని అర్థం కాక హైదరాబాదు పిల్లలు నాకు ఫోన్లు చేస్తుంటారు. మామ రిటైరయ్యాడు. సిరిసిల్లలో ఇప్పుడు కరెంటు పోవడం తగ్గిపోయిందని, పాత రోజులే బాగుండేవని బాధపడే కరెంటు ఉద్యోగి ఆయనొక్కడే. సన్మానం తాత ముసలివాడయ్యాడు. ఎండాకాలంలో కూడా ఆ ఎర్ర అంచు దుప్పటి మడత ఆయన భుజం మీదే ఉంటుంది.

నేను ఇప్పుడు ఆదివారపు బడి టీచర్ని. మొన్న ఒక చిన్నది కంఠస్థం అప్పజెబుతూ, ఒక్క అక్షరం కూడా వదలకూడదన్న భక్తితో, "బ్రాకెట్టు సెలా బ్రాకెట్టు" అంది. తప్పని చెప్పబోయి ఆగాను. నా చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు, భుజం మీది కొంగును సర్దుకుంటూ ఉంది. ఆ చిన్నది బహుమతి వస్తుందా రాదా అన్నట్టు నన్నే చూస్తోంది. చప్పట్లు కొట్టాను.